కారు మోడెమ్ నోరు మూయించడం: సెట్టింగ్స్ చాలా, ఫ్యూజు తీయాలా?

ఈమధ్య వస్తున్న కార్లలో చాలావాటికి పుట్టుకతోనే ఒక సిమ్ ఉంటుంది. దాని నంబరు మనకు తెలియదు, బిల్లు మన చేతికి రాదు, అది ఎప్పుడు ఎవరితో మాట్లాడుతోందో స్క్రీన్ మీద ఎక్కడా కనపడదు. డాష్‌బోర్డు వెనకో, సీటు కిందో, పైకప్పు లోపలో బిగించిన చిన్న డబ్బాలో అది ఉంటుంది. ఆ డబ్బా అసలు పేరు టెలిమాటిక్స్ యూనిట్, వాడుకలో కారు మోడెమ్. యాప్‌లో నొక్కితే ఏసీ ఆన్ కావడం, కారు ఎక్కడుందో మ్యాపులో చూపించడం, ప్రమాదం జరిగితే దానంతట అదే ఫోన్ చేయడం దాని పనులే. మీరు ఎక్కడికి వెళ్ళారు, ఎంత వేగంతో వెళ్ళారు, ఎక్కడ గట్టిగా బ్రేకు తొక్కారు, ఏ వేళకు ఇల్లు చేరారు అన్నవి కంపెనీకి చేరవేసేది కూడా అదే.

దీన్ని ఆపేయడానికి దారులు చాలా ఉన్నాయి. స్క్రీన్ మీద రెండు బటన్లు నొక్కడం దగ్గర్నుంచి, డాష్‌బోర్డు విప్పి డబ్బాని బయటికి లాగడం దాకా. ఏది మేలని అడిగితే చాలామంది నేరుగా ఫ్యూజు తీసేయమంటారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు ఎవరి నుంచి దాచుకోవాలనుకుంటున్నారు? దానికి జవాబు మారితే దారి కూడా మారిపోతుంది.

భయం ఒక్కటి కాదు, నాలుగు

మొదటిది అమ్మకం. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఒక సంగతి బయటపెట్టింది. జనరల్ మోటార్స్ కార్లలో ఆన్‌స్టార్ అనే ఆ కంపెనీ కనెక్టెడ్ సర్వీసు ద్వారా పోగైన డ్రైవింగ్ వివరాలు లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే డేటా సంస్థలకు, వాటి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలకు వెళ్తున్నాయని. యాక్సిడెంట్ ఒక్కటీ చేయకపోయినా ప్రీమియం ఎందుకు పెరిగిందో అప్పటిదాకా కొందరికి అర్థమే కాలేదు. కొన్ని కార్ల లొకేషన్‌ను 3 సెకన్లకోసారి కూడా తీసుకున్నారన్నది తర్వాత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణ. అంతకు ముందే, 2023లో, మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ నిబంధనలను పరిశీలించి ఒక్కటి కూడా పాస్ కాలేదని తేల్చింది.

రెండోది అజాగ్రత్త. 2024 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం ఇంటర్నెట్‌లో సరైన కాపలా లేకుండా పడి ఉందని జర్మనీలో బయటపడింది. అందులో 4.6 లక్షల కార్లకు లొకేషన్ చాలా కచ్చితంగా ఉంది. టొయోటా కూడా 2023లో జపాన్‌లోని 21.5 లక్షల మంది వినియోగదార్ల కార్ల వివరాలు దాదాపు పదేళ్ళపాటు బయటివాళ్ళకు అందేలా ఉండిపోయాయని ఒప్పుకుంది. ఇక్కడ ఎవరూ దేన్నీ అమ్ముకోలేదు. పోగుచేశారు, భద్రంగా పెట్టడం మరిచారు, అంతే.

మూడోది చొరబాటు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, హైవే మీద పోతున్న జీప్ చెరోకీని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. ఫలితంగా 14 లక్షల వాహనాలను రీకాల్ చేయాల్సి వచ్చింది.

నాలుగోది ఇంటి మనిషి. కారు యాప్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు ఆ కారు నడిపేవాళ్ళ జాడ తెలుస్తూనే ఉంటుంది. ఈ నాలుగోదాని గురించి విడిగా మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతా మూడింటికీ పనికొచ్చే సలహా ఇక్కడ ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

అమ్మకం ఒక్కటే మీ బాధ అయితే సెట్టింగ్స్‌తో చాలావరకు పని జరుగుతుంది. లీకులు, చొరబాట్లు కూడా కలిపి ఆలోచిస్తే మోడెమ్ కరెంటు తీయడం దాకా వెళ్ళాలి, ఎందుకంటే అసలు చేరని సమాచారాన్ని ఎవరూ లీకు చేయలేరు.

స్క్రీన్ మీద, యాప్‌లో, కాగితం మీద

కారు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనో, కనెక్టెడ్ సర్వీసెస్ అనో, డేటా షేరింగ్ అనో ఒక పేజీ ఉంటుంది. అక్కడ లొకేషన్, డ్రైవింగ్ డేటా, గొంతు రికార్డింగులు అని విడివిడిగా బటన్లు ఉండొచ్చు. ఫోన్‌లోని యాప్‌లో ఇంకో వరస ఉంటుంది. రెండూ వేరువేరు, ఒకచోట ఆపితే రెండోచోట ఆగిందనుకోవద్దు. మరీ ముఖ్యంగా "డ్రైవింగ్ స్కోరు", "సేఫ్ డ్రైవర్" లాంటి పేర్లతో ఉన్నవాటిని వెతికి ఆపండి. మంచి డ్రైవరని మెచ్చుకుంటూ బ్యాడ్జీలు ఇచ్చే ఫీచరే ఇన్సూరెన్స్ వాళ్ళకు అడ్డదారి కావచ్చు. జనరల్ మోటార్స్ విషయంలో జరిగింది అదే.

ఈ పద్ధతికి ఉన్న మంచి గుణం ఏమిటంటే దేన్నీ పాడు చేయదు. ఎస్‌ఓఎస్ బటన్ (ఆపదలో సాయానికి కాల్ చేసేది) పనిచేస్తుంది, వారంటీకి ఢోకా లేదు, రేపు మనసు మారితే మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. లోపం కూడా స్పష్టమే. మోడెమ్ బతికే ఉంటుంది. అది టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. మీరు ఆపమన్నవి ఆగాయా లేదా అన్నది కంపెనీ మాట మీద నమ్మకమే తప్ప చూసి తేల్చుకునే వీలు మీకు లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత కొన్ని బటన్లు మళ్ళీ ఆన్ అయి కనపడటం కూడా వింతేమీ కాదు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఒకసారి చూసుకోవడం మంచిది.

దీని తర్వాతి మెట్టు, కంపెనీకి రాతపూర్వకంగా అడగడం. కనెక్టెడ్ సర్వీసులు పూర్తిగా రద్దు చేయమనండి, అకౌంటు తొలగించమనండి, ఇప్పటిదాకా మీ మీద పోగైన సమాచారం కాపీ పంపమనండి. యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం కింద, కాలిఫోర్నియాలో అక్కడి ప్రైవసీ చట్టం కింద ఇది మీ హక్కు. అమెరికాలో ఉన్నవాళ్ళు లెక్సిస్‌నెక్సిస్‌ను కూడా విడిగా తమ ఫైలు అడగవచ్చు. ఆ కాపీ చేతికి వస్తే మోడెమ్ ఆపాలా వద్దా అన్న చర్చ సగం అక్కడే తేలిపోతుంది. కొన్ని కంపెనీలు అడిగితే దూరం నుంచే మోడెమ్‌ని డీయాక్టివేట్ చేస్తాయి. డీలర్ దగ్గర కంప్యూటర్ పెట్టి ఆపే వీలున్న మోడళ్ళూ ఉన్నాయి. ఇలా జరిగే అవకాశం ఉంటే ఫ్యూజు జోలికి పోవాల్సిన పని లేదు. కాకపోతే షోరూమ్‌లో కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవచ్చు. "అలా కుదరదండీ" అన్న మొదటి జవాబుతో వెనక్కి రాకుండా కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి. రాతలో ఉన్న జవాబు తర్వాత వారంటీ గొడవ వచ్చినా పనికొస్తుంది.

మోడెమ్ లేకపోతే కారు నడవదేమోనన్న టెన్షన్ కొందరికి ఉంటుంది. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు కారు డేటాను బయటి మెకానిక్‌లకు కూడా అందుబాటులో ఉంచాలనే చట్టాన్ని గెలిపించారు. దానికి తలొగ్గడం ఇష్టంలేక సుబారు, కియా ఆ రాష్ట్రంలో అమ్మే కొత్త కార్లలో టెలిమాటిక్స్ సేవలనే ఆపేశాయి. ఆ కార్లు రోడ్ల మీద మామూలుగానే తిరిగాయి. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు మూతపడ్డప్పుడు కూడా ఎన్నో పాత మోడళ్ళకు సిగ్నల్ పోయింది, ఇంజిన్ ఆగలేదు. ఇంజిన్, గేరు, బ్రేకు ఈ మోడెమ్ మీద ఆధారపడవు.

ఫ్యూజు తీయడం

ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. నాకు కూడా చేతితో చేసే పద్ధతుల్లో మొదట ప్రయత్నించదగ్గది ఇదే అనిపిస్తుంది. డబ్బు ఖర్చు లేదు, డాష్‌బోర్డు విప్పక్కర్లేదు, నచ్చకపోతే ఫ్యూజు మళ్ళీ పెట్టేస్తే కారు పాత స్థితికి వస్తుంది. అయితే ఇందులో మెలికలు చాలానే ఉన్నాయి.

మొదటి మెలిక పేర్లు. ఓనర్ మాన్యువల్‌లోని ఫ్యూజు పట్టికలో ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. డీసీఎం (డేటా కమ్యూనికేషన్ మాడ్యూల్) అని ఉండొచ్చు, టెలిమాటిక్స్ అని ఉండొచ్చు, ఆన్‌స్టార్ అని ఉండొచ్చు. టీసీయూ అని ఉంటే మాత్రం ఆగండి. కొందరు దాన్ని టెలిమాటిక్స్ యూనిట్‌కు వాడతారు, ఇంకొందరు గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్‌కు వాడతారు. రెండోది తీస్తే కారు కదలకపోవచ్చు. మాన్యువల్‌లో స్పష్టంగా లేకపోతే మీ మోడల్, మీ సంవత్సరం వైరింగ్ బొమ్మ చూడనిదే చెయ్యి పెట్టవద్దు. ఇంటర్నెట్‌లో ఎవరో చూపించిన వీడియో ముందు సంవత్సరం కారుది అయితే ఫ్యూజు స్థానం మారిపోయి ఉండవచ్చు.

రెండో మెలిక, ఒకే ఫ్యూజు మీద ఇద్దరు ముగ్గురు బతకడం. కొన్ని కార్లలో మోడెమ్‌కూ స్క్రీన్‌కూ ఒకటే ఫ్యూజు. అలాంటప్పుడు పాట కూడా పోతుంది, వెనక కెమెరా కూడా పోవచ్చు. వెనక కెమెరా పోతే నేనైతే ఆ పద్ధతిని పక్కన పెడతాను. ప్రైవసీ కోసం వెనక ఆడుకునే పిల్లలను చూడలేని స్థితి తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా తప్పు బేరమే.

మూడోది, అందరికీ ఆశ్చర్యం కలిగించేది, మైకు. ఎస్‌ఓఎస్ కాల్ వెళ్ళినప్పుడు స్క్రీన్ పగిలిపోయి ఉన్నా సరే మీ మాట అవతలికి వినపడాలి. అందుకని టొయోటా, సుబారు మోడళ్ళు కొన్నింటిలో మైకు తీగలు, ముందు స్పీకర్ తీగలు మొదట టెలిమాటిక్స్ డబ్బాలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆడియో యూనిట్‌కు వస్తాయి. డబ్బాకు కరెంటు పోయిందంటే మధ్యలో వంతెన కూలినట్టే. బ్లూటూత్ కాల్ కలుస్తుంది, అవతలివాళ్ళకు మీ గొంతు వినపడదు. ఒక స్పీకరో రెండో మూగబోతాయి. ఈ తీగలను డబ్బాను తప్పించి నేరుగా కలిపే బైపాస్ హార్నెస్‌లు కొన్ని మోడళ్ళకు బయట తయారై దొరుకుతాయి. దొరికితే మంచిదే. మీ మోడల్‌కు దొరకకపోతే కారులో ఫోన్ మాట్లాడటం మీకు ఎంత అవసరమో ఆలోచించుకోవాలి.

నాలుగోది, డబ్బాలోపలి చిన్న బ్యాటరీ. గుద్దుకున్నప్పుడు కారు బ్యాటరీ నలిగిపోయినా కాల్ వెళ్ళాలి కాబట్టి చాలా యూనిట్లకు సొంత బ్యాకప్ ఉంటుంది. అంటే ఫ్యూజు తీసిన మరుక్షణం మోడెమ్ చనిపోతుందని అనుకోవద్దు. కొంతసేపు ఆగి పరీక్షించండి.

చేసే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా పెట్టి, కాసేపు ఆగి, ఫ్యూజు బాక్సు మూతలో ఉండే ప్లాస్టిక్ పట్టకారుతో లాగాలి. తీసేముందు బాక్సుకు ఫోటో తీసి పెట్టుకోండి. తీసిన ఫ్యూజును గ్లవ్ బాక్సులో చిన్న కవర్లో వేసి పేరు రాయండి. తర్వాత బండి స్టార్ట్ చేసి చూడాలి. ఎస్‌ఓఎస్ లైటు ఎరుపుకు తిరగడం, స్క్రీన్ మీద "కనెక్టెడ్ సర్వీసులు అందుబాటులో లేవు" లాంటి మెసేజ్ రావడం మామూలే. ఎయిర్‌బ్యాగ్ లైటో, ఏబీఎస్ లైటో, స్టీరింగ్ హెచ్చరికో వస్తే మాత్రం ఏమీ ఆలోచించకుండా ఫ్యూజు మళ్ళీ పెట్టేయండి.

యాంటెన్నా పీకడం నాకెందుకు నచ్చదంటే

ఆన్‌లైన్‌లో దీనికి మంచి పేరుంది. డబ్బా అలాగే ఉంటుంది, మైకు, స్పీకర్లు పనిచేస్తాయి, సిగ్నల్ ఒక్కటే పోతుంది అంటారు. చెప్పడానికి బాగుంది కానీ సగం పనే అవుతుంది. మోడెమ్ యాంటెన్నా తీగ ఊడదీసినా, పక్కనే టవర్ ఉంటే అది కొద్దిపాటి సిగ్నల్ పట్టుకోగలదు. పైగా పైకప్పు మీది యాంటెన్నా ప్రమాదంలో విరిగిపోతుందనే ఆలోచనతో చాలా యూనిట్లలో లోపలే ఇంకో యాంటెన్నా పెడతారు. దాంతో ఊరి బయట ఆగినట్టు కనిపించింది ఊళ్ళోకి రాగానే పనిచేస్తుంది. ఆగిందని మీరు నిశ్చింతగా ఉంటారు, పోగైనదంతా ఒక్కసారిగా వెళ్ళిపోతుంది. తీగ ఊడదీసినచోట 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే చిన్న మూత లాంటిది) బిగిస్తే ఆ దారిన వచ్చే సిగ్నల్ బాగా తగ్గుతుంది, లోపలి యాంటెన్నాను మాత్రం అదేమీ చేయలేదు.

ఇంకో చిక్కు బ్యాటరీ. సిగ్నల్ దొరకని మోడెమ్ నిద్రపోకుండా వెతుకుతూ కూర్చుంటే, కొన్ని రోజులు కదలని కారులో 12 వోల్టుల బ్యాటరీ డౌన్ అయ్యే అవకాశం ఉంది. కారు వారంలో ఎక్కువ రోజులు నిలిపి ఉంచేవాళ్ళకు ఇది అసలు పనికిరాదు.

అయినా ఇదే కావాలనుకుంటే, పైకప్పు మీద సొరచేప రెక్కలా కనిపించే షార్క్ ఫిన్‌లో ఒక్క యాంటెన్నానే ఉండదని గుర్తుంచుకోండి. రేడియో, జీపీఎస్, మొబైల్ అన్నీ అక్కడికే వస్తాయి. ఫక్రా అనే ప్రామాణిక కనెక్టర్లు వాడిన కార్లలో నీలం రంగుది సాధారణంగా జీపీఎస్‌ది, ముదురు ఎరుపు మొబైల్‌ది. కొందరు జీపీఎస్ తీగ ఒక్కటే తీస్తారు. దానివల్ల కారు నావిగేషన్ పోతుంది, వేగం, బ్రేకులు, ఇగ్నిషన్ వేళలు మాత్రం యథావిధిగా వెళ్తాయి. ఏ టవర్ కింద ఉన్నారో నెట్‌వర్క్‌కు ఎలాగూ తెలుస్తుంది. మైకు సమస్య ఉండి, బైపాస్ హార్నెస్ దొరకని కారు అయితే తప్ప నేను యాంటెన్నా దారి చెప్పను.

డబ్బానే ఊడదీయడం

కచ్చితంగా ఆగాలంటే యూనిట్ కనెక్టర్లన్నీ ఊడదీయడమే. లీకు గురించీ చొరబాటు గురించీ నిజంగా భయపడాల్సిన వృత్తిలో ఉన్నవాళ్ళకు, అంటే తమను కలిసే మనుషుల పేర్లు బయటపడకూడని విలేఖరులు, లాయర్ల లాంటివాళ్ళకు ఇదే సరైనది. సిమ్ ఒక్కటి తీసేద్దామంటే ఇప్పటి యూనిట్లలో అది ఎక్కువగా బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడానికి రాదు.

ఇది ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో చేసే పని కాదు. డాష్‌బోర్డు, పైకప్పు అంచుల్లో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వాటి కనెక్టర్లు మామూలుగా పసుపు రంగులో ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు హై వోల్టేజివి. కారు కరెంటు పని బాగా తెలిసిన మెకానిక్ దగ్గరికే వెళ్ళండి, తీసిన డబ్బాను ఇంటికి తెచ్చుకోండి. రేపు కారు అమ్మాలన్నా, వారంటీ పనికి వెళ్ళాలన్నా అది ఉండాలి.

సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ల గురించి రెండు మాటలే. చాలా దేశాల్లో అవి వాడటం నేరం, పక్క కారువాళ్ళ ఎమర్జెన్సీ కాల్‌ను కూడా అవే ఆపేస్తాయి. డబ్బాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టడం నేరం కాదు గానీ, ఎక్కడ చిన్న సందు ఉన్నా సిగ్నల్ దూరుతుంది, డబ్బా వేడెక్కుతుంది. ఆ శ్రమకు కనెక్టర్ ఊడదీయడమే సులువు.

ఎస్‌ఓఎస్ పోతుంది, అది చిన్న విషయం కాదు

ఫ్యూజు తీసినా, డబ్బా తీసినా ప్రమాదం జరిగినప్పుడు కారు దానంతట అది ఫోన్ చేయదు. మీరు స్పృహలో ఉంటే మీ ఫోన్ ఉంది. లేకపోతే దారిన పోయేవాళ్ళే దిక్కు. రాత్రిపూట నిర్మానుష్యమైన రోడ్ల మీద ఒంటరిగా తిరిగేవాళ్ళు, గుండె జబ్బో మూర్ఛో ఉన్నవాళ్ళు సెట్టింగ్స్ దగ్గరే ఆగిపోతే మంచిదని నా సలహా. కొన్ని ఫోన్లకూ వాచీలకూ క్రాష్ డిటెక్షన్ ఉంది, అది కొంత ఊరట. అయినా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న సంగతి కారుకు తెలిసినంత కచ్చితంగా ఫోన్‌కు తెలియదు.

యూరోపియన్ యూనియన్‌లో ఈ లెక్క కొంచెం వేరు. 2018 మార్చి 31 నుంచి అక్కడ ఆమోదం పొందే కొత్త కార్ల మోడళ్ళన్నింటికీ ఈకాల్ అనే ఎమర్జెన్సీ కాల్ వ్యవస్థ తప్పనిసరి. చట్టం ప్రకారం ఈకాల్ మామూలు వేళల్లో నిద్రలోనే ఉండాలి, కారు జాడ తెలుసుకునే వీలు ఉండకూడదు. ప్రమాదం జరిగితేనే 112కు కాల్ చేసి లొకేషన్, వాహన గుర్తింపు సంఖ్య (వీఐఎన్) లాంటి కొద్దిపాటి వివరాలు పంపుతుంది. అంటే ప్రైవసీ సమస్య ఈకాల్‌ది కాదు, దానితో పాటు అదే డబ్బాలో కాపురం ఉండే కంపెనీ కనెక్టెడ్ సర్వీసులది. అక్కడివాళ్ళు ఆ సర్వీసులను రద్దు చేయించి ఈకాల్‌ను ఉంచుకోవడమే తెలివైన పని. డబ్బా తీసేస్తే తప్పనిసరి భద్రతా పరికరాన్ని తీసినట్టు అవుతుంది, వాహన తనిఖీలో ఇబ్బంది పడవచ్చు.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్ళు ఇంకో జాబితా వేసుకోవాలి. ఫోన్ నుంచి ఛార్జింగ్ చూసుకోవడం, ఎక్కకముందే కారు చల్లబరచడం, దారిలో ఏ ఛార్జర్ ఖాళీగా ఉందో తెలియడం ఇవన్నీ పోతాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా. 2023 డిసెంబరులో టెస్లా దాదాపు 20 లక్షల కార్లకు సంబంధించిన భద్రతా రీకాల్‌ను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే సరిచేసింది. మోడెమ్ ఆపుకున్నవాళ్ళు అలాంటివాటి కోసం సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాలి, రీకాల్ నోటీసులు వాళ్ళే వెతుక్కోవాలి. తాళం కూడా ఫోనే అయిన కార్లలో, నెట్‌వర్క్ లేకుండా తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకుని, కార్డో మామూలు తాళమో జేబులో ఉంచుకోండి.

భయం ఇంటి మనిషి వల్ల అయితే

కారు భర్త పేరుతోనో, మాజీ ప్రేమికుడి అకౌంట్‌తోనో నమోదై ఉండి, నడిపేది మీరైతే, పై సలహాలన్నీ ఆపి ఇది చదవండి. ఇక్కడ మోడెమ్ మీ శత్రువు కాదు, అకౌంటు శత్రువు. ఫ్యూజు తీస్తే అవతలి యాప్‌లో కారు ఒక్కసారిగా ఆఫ్‌లైన్ అని కనిపిస్తుంది. అది "నాకు తెలిసిపోయింది" అని మీరే చాటింపు వేసినట్టు. హింస చేసే మనిషికి ఆ క్షణమే రెచ్చిపోవడానికి కారణం అవుతుంది. స్క్రీన్ మీద ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అకౌంటు ఉన్నవాళ్ళకు మెయిల్ వెళ్ళవచ్చు.

అందుకని ముందు మీరు భద్రంగా ఉండే చోటు, ఆ రోజు మీతో ఉండే మనిషి ఖరారు కావాలి. గృహహింస బాధితులకు సాయం చేసే సంస్థతో మాట్లాడి, ఆ తర్వాతే అకౌంటు మార్పు. కాలిఫోర్నియా 2024లో ఇందుకోసమే చట్టం చేసింది. బాధితులు ఆధారం చూపిస్తే కంపెనీ అవతలివాళ్ళ రిమోట్ యాక్సెస్ తొలగించాలి. అలాంటి చట్టం లేనిచోట్ల కారు ఎవరి పేరున ఉంటే వాళ్ళ మాటే కంపెనీ వింటుంది, కాబట్టి కోర్టు ఉత్తర్వు అవసరం పడవచ్చు. కారు కింద విడిగా అంటించిన ట్రాకర్లు ఉన్నాయేమో కూడా వెతికించండి. మోడెమ్ ఆపినా అవి పనిచేస్తూనే ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళకు కూడా దీని చిన్న రూపం ఎదురవుతుంది. పాత యజమాని యాప్ నుంచి కారును తీసేయకపోతే మీరు ఎక్కడున్నారో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది, కొన్ని కార్లలో తలుపు తెరవగలడు కూడా. కొన్నరోజే రీసెట్ చేసి, మీ పేరున నమోదు చేసి, పాత అకౌంటు తెగిందని కంపెనీతో చెప్పించుకోండి.

ఇక ఎవరికి ఏది

అద్దె కారు, లీజు కారు, ఆఫీసు కారు అయితే చేతితో ఏమీ చేయవద్దు, అది మీది కాదు. మీ ఫోన్‌ను దానికి కలపకుండా, వదిలేముందు మీ పేరు తొలగిస్తే చాలు.

సొంత కారు, వారంటీలో ఉంది, ఇన్సూరెన్స్ వాళ్ళకు డేటా పోవడమే మీ బాధ అయితే సెట్టింగ్స్, రాతపూర్వకమైన రద్దు, ఈ రెండూ చేసి మీ డేటా కాపీ తెప్పించుకోండి. దాంతో తృప్తి లేకపోతే, మైకు, వెనక కెమెరా పోవని నిర్ధారించుకున్నాక ఫ్యూజు. ఫ్యూజు తీసినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందన్న మాటకు అంత అర్థం లేదు, కానీ ఆ సర్క్యూట్‌కు సంబంధించిన లోపం వస్తే కంపెనీ మీ వైపు వేలు చూపిస్తుంది. తీగ కోసే పద్ధతి ఏదైనా ఎవరైనా చెబితే వినవద్దు. వెనక్కి తిప్పుకోలేని పని దీనికోసం చేయాల్సిన అవసరమే లేదు. వారంటీ దాటిన కారు, ఎస్‌ఓఎస్ లేకపోయినా పరవాలేదు, ప్రయాణాలు గోప్యంగా ఉండి తీరాలి అనుకుంటే డబ్బా తీయించి బైపాస్ వేయించుకోండి.

ఏది చేసినా ఫోన్ సంగతి మరవద్దు. మోడెమ్ ఆపేసి, కారును ఇంటి వైఫైకో ఫోన్ హాట్‌స్పాట్‌కో కలిపితే వాకిలికి తాళం వేసి దొడ్డి తలుపు తెరిచిపెట్టినట్టే, కొన్ని కార్లు ఆ దారిన పంపేస్తాయి. ఫోన్‌లోని యాప్‌లు కూడా తక్కువేమీ కాదు. టెక్సాస్ అటార్నీ జనరల్ 2025 జనవరిలో ఆల్‌స్టేట్ ఇన్సూరెన్స్ మీద కేసు వేసింది ఇందుకే. దాని అనుబంధ సంస్థ ఆరిటీ మామూలు మొబైల్ యాప్‌లలో తన కోడ్ పెట్టించి జనం డ్రైవింగ్ వివరాలు పోగుచేసిందన్నది ఆరోపణ. అవసరం లేని యాప్‌లకు లొకేషన్, మోషన్ పర్మిషన్లు తీసేయండి. ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన డాంగిల్ (గుచ్చి పెట్టే చిన్న పరికరం) స్టీరింగ్ కింద, మెకానిక్ కంప్యూటర్ కలిపే ఓబీడీ పోర్టులో ఉంటే అది దాని సొంత దారిన చెబుతూనే ఉంటుంది.

ఆగిందో లేదో పరీక్షించడానికి కంపెనీ యాప్ తొలగించకముందే ఒకసారి వాడుకోండి. ఫ్యూజు తీసిన మర్నాడు కారును వేరేచోటికి నడిపి, యాప్‌లో పాత చోటే చూపిస్తోందా, "చివరిసారి అప్‌డేట్" సమయం మారిందా చూడాలి. రిమోట్‌గా లాక్ నొక్కితే పనిచేయకూడదు. ఊళ్ళో ఒకసారి, ఊరి బయట ఒకసారి చూడండి. తేలాక అకౌంటు తొలగించండి.

సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు ముందే చెప్పండి, లేకపోతే మెకానిక్ ఎర్ర లైటు చూసి మంచి మనసుతో ఫ్యూజు పెట్టేస్తాడు. మోడెమ్ ఆగినన్నాళ్ళూ పంపడమే ఆగుతుంది, కారు తన లోపల రాసుకోవడం ఆగకపోవచ్చు. కరెంటు తిరిగి రాగానే దాచుకున్నది వెళ్ళిపోయే వీలుంది. బండి చేతికి వచ్చాక ఇంటికి బయల్దేరే ముందే ఫ్యూజు బాక్సు మూత ఒకసారి తీసి చూసుకోండి.